‘రాసిపెట్టి ఉన్నది తప్పుతుందా’ అనేవాళ్లకు షుగర్ అదుపులోకి రావాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 62 ఏళ్లు, పన్నెండేళ్లుగా టైప్ 2 షుగర్, ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 శాతం. పూజలూ ఉపవాసాలూ ఏవీ మానరు. మాత్ర గుర్తు చేస్తే "నుదుట రాసింది తప్పుతుందా" అంటారు. డాక్టరు ఇన్సులిన్ మొదలుపెడదాం అన్న దగ్గర్నుంచి "ఇక దేవుడే చూసుకుంటాడు" అని ఆస్పత్రికే రానంటున్నారు. ఇదంతా భక్తి వల్లేనా, ఆ నమ్మకాన్ని ఎలా మార్చాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. భక్తి వల్ల కాదు. నమ్మకాన్ని మార్చే పని మీరు పెట్టుకోకండి. ఆ పని మీ వల్ల కాదు, అవసరమూ లేదు. షుగర్‌ని పాడుచేసేది దేవుడున్నాడన్న నమ్మకం కాదు, తన చేతిలో ఏమీ లేదన్న నమ్మకం. రెండూ ఒకే మాటల్లో బయటికొస్తాయి కాబట్టి మనకు ఒకటిగా వినిపిస్తాయి. గుడి గడప తొక్కనివాళ్లలో కూడా రెండోది దండిగా ఉంటుంది. "మా ఇంట్లో అందరికీ ఉంది, నాకు రాక మానుతుందా, వచ్చాక పోతుందా" అనేది దేవుడి పేరెత్తని తలరాతే.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అమ్మగారి లెక్కలో దేవుడి పని ఎంత, తన పని ఎంత?

కష్టం వచ్చినప్పుడు భక్తులు దాన్ని దేవుడితో ఎలా పంచుకుంటారన్న దాని మీద కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1988లో ఒక విభజన చెప్పారు. కొందరు "దేవుడు బుద్ధి ఇచ్చాడు, మిగతాది నేను చూసుకోవాలి" అంటారు. కొందరు మొత్తం ఆయన మీదే వదిలేసి చేతులు ముడుచుకుంటారు. కొందరు "ఆయనా నేనూ కలిసి" అన్నట్టు నడుచుకుంటారు. షుగర్ లాంటి జబ్బులో ఈ తేడా చాలా పెద్దది. ఆపరేషన్ అయితే ఒక్కరోజు గండం, పని చేసేది సర్జన్, రోగి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నా పని జరిగిపోతుంది. షుగర్‌లో అలా కుదరదు. డాక్టరు కనిపించేది మూడు నెలలకోసారి, పావుగంట. మాత్ర, భోజనం, నడక, సూది, కాళ్ల పరీక్ష అన్నీ ఇంట్లో రోగి చేతి మీదే నడవాలి. కాబట్టి రెండో రకంవాళ్లు ఈ జబ్బులో దెబ్బతిన్నంతగా మరెక్కడా దెబ్బతినరు. మూడో రకంవాళ్లు మాత్రం, నేను చూసినంతలో, ఏ నమ్మకమూ లేనివాళ్లకంటే నిలకడగా మందు వాడతారు. రోజూ ఒకే వేళకు ఒకే పని చెయ్యడం వాళ్లకు ముందే అలవాటు మరి.

షుగర్ రోగుల్లో ఈ తలరాత భావాన్ని కొలవడానికి 2010లో పన్నెండు ప్రశ్నల కొలమానం ఒకటి వచ్చింది. అందులో మూడు పాయలు: జబ్బు వల్ల కలిగే దిగులు, దేవుడి మీద ఆధారపడే తీరు, ‘నా షుగర్‌ని నేను అదుపు చెయ్యగలను’ అన్న ధైర్యం. ఆ స్కోరు చెడ్డగా ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ కూడా ఎక్కువగానే ఉంది. అయితే మూడు పాయల్లో రెండు మతానికి సంబంధించినవే కావని గమనించండి. ‘విధి’ అనే మాట కింద తరచు దాక్కుని ఉండేవి దిగులు, చేతకానితనం.

ఒకే మాట, నాలుగు అర్థాలు

"అంతా దేవుడి దయ" అన్నప్పుడు వాదన పెట్టుకోకుండా, తర్వాతి వాక్యం వినండి. "అయితే ఇవాళ మాత్ర సంగతి ఏం చేద్దామంటావమ్మా" అని మామూలుగా అడిగి ఊరుకుంటే ఆ తర్వాతి వాక్యం అదే వస్తుంది.

"వేసుకుంటాన్లే, నా ప్రయత్నం నేను చెయ్యాలిగా" అంటే ఏ ఇబ్బందీ లేదు. ఆ దయ అనే మాట ఆమెకు ఊపిరి, దాన్ని లాగెయ్యకండి.

"వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే" అంటే అది అనుభవంలోంచి వచ్చిన మాట అయ్యుండొచ్చు. ఏళ్ల తరబడి మాత్రలు మింగుతున్నా రీడింగ్ 250 దగ్గరే ఉంటే ఎవరైనా అదే అంటారు. ఇక్కడ తప్పు నమ్మకానిది కాదు, సరిపోని మందుది. డోసు మారి, రెండు వారాల్లో పరగడుపు షుగర్ 250 నుంచి 160కి దిగడం తన కళ్లతో చూస్తే, ఎన్ని ఉపదేశాలకూ కదలని తలరాత కాస్త కదులుతుంది.

"ఏ పాపం చేశానో" అంటే జాగ్రత్తపడాలి. జబ్బును శిక్షగా తీసుకున్నవాళ్లు రీడింగ్‌ని తీర్పులాగా చదువుతారు. 280 వస్తే ఎవరికీ చెప్పరు, పుస్తకంలో రాయరు, తర్వాత మీటరే ముట్టుకోరు. పార్గమెంట్ బృందమే 55 ఏళ్లు దాటిన రోగులను రెండేళ్లు గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, దేవుడు తమను శిక్షిస్తున్నాడని, వదిలేశాడని బాధపడేవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. వీళ్ల ముందు "నువ్వు తీపి తిన్నావు, అందుకే ఇలా" అనే మాట అస్సలు వాడకూడదు. ఆ మాట వాళ్లు ముందే తమకు తాము వెయ్యిసార్లు అనుకుని ఉంటారు.

"ఎప్పుడు తీసుకెళ్తాడా అని చూస్తున్నా" అంటే అది భక్తి కాదు, డిప్రెషన్ అయ్యే అవకాశం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే దాదాపు రెండింతలు. రెండు ప్రశ్నలు అడగండి: గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? ఇష్టంగా చేసే పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? భక్తురాలి విషయంలో రెండో ప్రశ్నకు పూజ గదిలోనే జవాబు దొరుకుతుంది. పూజ కూడా మొక్కుబడిగా తయారైతే, లేదా మానేస్తే, షుగర్ డాక్టరుకు ఆ సంగతి ముందుగా చెప్పండి. దానికి వైద్యం వేరే ఉంది. అది చెయ్యకుండా షుగర్ మందు ఎంత పెంచినా లాభం లేదు.

తలరాతలో నిజం ఎంత

కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటే మీ మాటకు విలువ పెరుగుతుంది. టైప్ 2 వంశంలో నడుస్తుంది. అమ్మానాన్నలను మనం ఎంచుకోలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు తగ్గిపోవడం కూడా ఈ జబ్బు స్వభావం. పన్నెండేళ్ల తర్వాత మాత్రలు చాలకపోవడం అమ్మగారి తప్పు కాదని గట్టిగా చెప్పండి.

రాత అక్కడితో ఆగుతుంది. అమెరికాలో 2002లో ఫలితాలు వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, షుగర్ అంచున ఉన్నవాళ్లు ఒంటి బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే, జబ్బు రావడం 58 శాతం తగ్గింది. ఇక వచ్చేసినవాళ్ల సంగతి. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన యూకేపీడీఎస్ అధ్యయనం లెక్క ప్రకారం హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తగ్గితే కళ్లు, కిడ్నీల్లోని చిన్న రక్తనాళాలు దెబ్బతినే ముప్పు 37 శాతం తక్కువ. అంటే మీరు 9.4 నుంచి 7 దాకా ఒకేసారి దూకించనక్కర్లేదు. 8.4కి దింపినా ఆ కళ్లకు జరిగే మేలు చిన్నది కాదు.

ఇన్సులిన్ చరిత్ర కూడా ఈ సందర్భంలో పనికొస్తుంది. 1921 దాకా టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం) వచ్చిన పిల్లాడి నుదుట ఏం రాసి ఉందో అందరికీ తెలుసు, మహా అయితే ఒకటి రెండేళ్లు. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. మొదటి మోతాదు శుద్ధి చాలక పెద్దగా పనిచెయ్యలేదు. మెరుగుపరిచి జనవరి 23న మళ్లీ ఇచ్చారు, పనిచేసింది. అతను మరో పదమూడేళ్లు బతికాడు. ఆ కొత్త రాత రాసింది దేవుడే అని అమ్మగారు అంటే కాదనకండి. రాతలో సూది కూడా ఉందని ఆమె ఒప్పుకున్నట్టే.

ఉపవాసం: అసలు ప్రమాదం ఇక్కడే

తలరాత మాటలు నెలల మీద నష్టం చేస్తాయి. మందు సర్దుకోకుండా చేసే ఉపవాసం ఒక్క సాయంత్రంలో చేస్తుంది. కాబట్టి మీరు ముందుగా దిద్దుకోవాల్సింది దీన్నే.

ఉపవాసాలన్నీ ఒకటి కావు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనిది ఒకటి: రంజాన్‌లో తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా, యూదుల యోమ్ కిప్పూర్‌లో దాదాపు 25 గంటలు, నిర్జల ఏకాదశి కూడా ఈ కోవదే. పండ్లూ పాలతో గడిపేది రెండోది. ఒక్కపొద్దు మూడోది. వీటిలో చెడేది వేర్వేరుగా ఉంటుంది. నీళ్లు లేనిదాంట్లో షుగర్ పడిపోవడం, ఒంట్లో నీరు ఎండిపోవడం. పండ్లూ పాలూ ఉన్నదాంట్లో చాలావరకు షుగర్ పెరగడం, ఎందుకంటే ‘ఉపవాసం’ పేరుతో రోజంతా తీపీ పిండిపదార్థమూ లోపలికి వెళ్తూనే ఉంటాయి. ఒక్కపొద్దులో రోజు మొత్తం తిండి ఒకే పళ్లెంలోకి వచ్చి, రెండు గంటల తర్వాత రీడింగ్ 300 దాటడం, మిగతా పూటల్లో మాత్ర ఖాళీ కడుపు మీద పనిచెయ్యడం.

మందుల సంగతి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కాలేయం దాచుకున్న గ్లూకోజును కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. కానీ గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలకు మీరు ఉపవాసంలో ఉన్నట్టు తెలియదు. ఇన్సులిన్‌ని పిండుతూనే ఉంటాయి, అందులోనూ గ్లిమిపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోయే భయం తక్కువ. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలది వేరే గొడవ: మూత్రంలో గ్లూకోజుతో పాటు నీటినీ పంపించేస్తాయి కాబట్టి నీళ్లు తాగని రోజున ఒళ్లు ఎండిపోతుంది. తిండి కూడా లేకపోతే, షుగర్ 250 లోపు ఉన్నప్పుడు కూడా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. రీడింగ్ మామూలుగా ఉంది కదా అని వాంతుల్ని పట్టించుకోకపోవడం ఇక్కడ జరిగే పొరపాటు.

ఇళ్లలో జరిగేది రెండే రకాలు: ఉపవాసం రోజు కూడా మాత్రలన్నీ యథావిధిగా వేసుకోవడం, లేదా అన్నీ మానెయ్యడం. రెండూ తప్పే. రంజాన్‌కు డాక్టర్లు సాధారణంగా చేసే మార్పులు ఇలా ఉంటాయి. రోజుకొకసారి వేసుకునే గ్లిమిపిరైడ్ రకం మాత్రను ఉపవాసం విడిచే భోజనానికి జరుపుతారు, అదుపు బాగుంటే తగ్గిస్తారు కూడా. రోజుకు ఒక్కసారి వేసే దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను సాయంత్రానికి జరిపి 15 నుంచి 30 శాతం తగ్గిస్తారు. రెండుపూటలా మిక్స్‌డ్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపినది) ఉంటే, పొద్దుటి డోసును సాయంత్రం భోజనానికి మార్చి, సాయంత్రపు డోసును 25 నుంచి 50 శాతం తగ్గించి తెల్లవారుజాముకి ఇస్తారు. ఇవి మీ అంతట మీరు మార్చేసుకోవడానికి కాదు, డాక్టరు దగ్గర ఏం అడగాలో తెలియడానికి. నెలరోజుల ఉపవాసానికైతే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వెళ్లాలి. ఒక్కరోజు దానికి కూడా ఆ రోజు పొద్దున ఫోన్ చేస్తే కాదు, ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ఉపవాసం వెంటనే విడవాల్సిన అంకెలు మీటరు పెట్టె మీద అంటించండి: 70 కంటే తక్కువ, లేదా 300 కంటే ఎక్కువ. అంకె ఏదైనా సరే చెమటలు, వణుకు, తడబాటు, వాంతులు ఉంటే కూడా అంతే. అన్నిటికంటే ప్రమాదమైనవి విడవడానికి ముందు చివరి రెండు మూడు గంటలు. "ఇంకెంత, ఇంకో గంటే కదా" అని పట్టుదలగా కూర్చునేది అప్పుడే. వేలు గుచ్చి చూసుకుంటే ఉపవాసం చెడుతుందని చాలామంది భయపడతారు. చెడదని ఇస్లాం పండితుల్లో అత్యధికులు చెప్పారు.

షుగర్ 70 కంటే తక్కువకు పడితే: నాలుగు టీస్పూన్ల చక్కెర, తలకొట్టి, నీళ్లలో కలిపి తాగించాలి. సుమారు 15 గ్రాముల చక్కెర ఇచ్చినట్టు. పావుగంటకు మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. పైకొచ్చాక భోజనం. పాలు, మిఠాయి దీనికి పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల గ్లూకోజు ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆస్పత్రే.

ఈ ప్రమాదం ఊహ కాదు. 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ రోగులతో 2001లో చేసిన ఎపిడయార్ అధ్యయనంలో, ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా షుగర్ పడిపోవడం రంజాన్ నెలలో టైప్ 1 వాళ్లకు 4.7 రెట్లు, టైప్ 2 వాళ్లకు 7.5 రెట్లు పెరిగింది. అదే అధ్యయనంలో టైప్ 2 వాళ్లలో దాదాపు 79 శాతం కనీసం పదిహేను రోజులు ఉపవాసం ఉన్నారు. అందుకే "మానెయ్" అని తేల్చెయ్యడం వల్ల ఉపయోగం లేదంటాను. మానరు, మనకు చెప్పడం మానేస్తారు.

అయినా కొందరికి గట్టిగా వద్దనే చెప్పాలి: గత మూడు నెలల్లో ఒక్కసారైనా తీవ్రంగా షుగర్ పడిపోయినవాళ్లు, పడిపోతున్నా లక్షణాలు తెలియనివాళ్లు, టైప్ 1లో అదుపు లేనివాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్న గర్భిణులు, డయాలసిస్ దాకా వచ్చినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు. మీ అమ్మగారి 9.4తో, ఏ మాత్రలు వాడుతున్నారో కిడ్నీ పరీక్ష ఎలా ఉందో తెలిసేదాకా, నీళ్లు లేని ఉపవాసానికి నేనైతే ఒప్పుకోను. నీళ్లూ మితమైన తిండీ ఉండే ఉపవాసమైతే డాక్టరుతో మాట్లాడి సర్దుకోవచ్చు.

ఇక్కడ మతమే మీ పక్షాన ఉంది. ఖురాన్ రెండో అధ్యాయం 184, 185 వచనాలు రోగికి మినహాయింపు ఇస్తాయి. యూదు ధర్మంలో ప్రాణరక్షణ యోమ్ కిప్పూర్ కంటే పెద్దది. భగవద్గీత ఆరో అధ్యాయం 16వ శ్లోకం అతిగా తినేవాడికే కాదు, బొత్తిగా తినని వాడికీ యోగం సిద్ధించదంటుంది. కానీ ఈ మాట మీరు చెబితే "నాకు నేర్పుతున్నావా" అంటారు. ఆమె గౌరవించే గురువో, పూజారో, ఇమామో, పాస్టరో చెప్పాలి. వాళ్ల దగ్గరికి వెళ్లి "అమ్మ ఉపవాసం ఉండొచ్చా" అని అడగకండి, ఆ ప్రశ్నకు భక్తి కొద్దీ ‘ఉండొచ్చు’ అనే జవాబే వస్తుంది. "ఈ మందు మీద ఉపవాసం ఉంటే స్పృహ తప్పే ప్రమాదం ఉందని డాక్టరు రాసిచ్చారు. బదులుగా ఏం చేస్తే మొక్కు తీరినట్టవుతుంది?" అని, ఆ కాగితం చూపించి అడగండి. దానమో, జపమో, మరొకటో, ప్రత్యామ్నాయం వాళ్ల నోట రావాలి.

ఇంకో సంగతి. షుగర్ బాగా పడిపోయినప్పుడు మనిషి పొంతన లేకుండా మాట్లాడతారు, కొడతారు, నవ్వుతారు, ఒళ్లంతా చల్లటి చెమట, కళ్లు ఎటో చూస్తుంటాయి. ఉపవాసం రోజున, పూజ మధ్యలో ఇది జరిగితే పూనకమని దణ్ణాలు పెట్టేవాళ్లున్నారు, గాలి సోకిందని భూతవైద్యుణ్ని పిలిచేవాళ్లూ ఉన్నారు. షుగర్ మందు మీద ఉన్న మనిషి వింతగా ప్రవర్తిస్తే మొదటి పని వేలు గుచ్చి చూడటం. మీటరు చేతికందకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, చక్కెర నీళ్లు ఇచ్చెయ్యండి. పొరపాటున ఇచ్చినా కాసేపు షుగర్ పెరుగుతుంది, అంతే. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడేవాళ్లలో వణుకూ గుండెదడా కనిపించకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

ఇన్సులిన్ అనగానే "దేవుడే చూసుకుంటాడు" ఎందుకన్నారు

చాలామందికి ఇన్సులిన్ అంటే ఆఖరి అధ్యాయం. చూసిన ప్రతి ఒక్కరికీ అది మొదలైన కొద్దికాలానికే కాలు తీశారు, చూపు పోయింది. నిజానికి ఆ నష్టం ఇన్సులిన్ ఆలస్యం చేసిన ఏళ్లలో జరిగిపోయి ఉంటుంది. పైగా ఎక్కువగా ఉన్న షుగర్ దిగేటప్పుడు కంటి లెన్సులో నీటి శాతం మారి కొన్ని వారాలు చూపు మసకబారుతుంది, దాన్ని ‘ఇన్సులిన్ దెబ్బ’ అనుకుని మానేస్తారు. ఆ మసక తాత్కాలికమనీ, ఆ సమయంలో కళ్లజోడు మార్పించొద్దనీ ముందే చెప్పి ఉంచాలి. రెటీనా పరీక్ష మాత్రం మొదలుపెట్టేముందే చేయించాలి.

జీవితాంతం అనకుండా మూడు నెలలకు ఒప్పించండి. మొదలు సాధారణంగా రాత్రికి 10 యూనిట్లు, పరగడుపు రీడింగ్ లక్ష్యానికి (మామూలుగా 80 నుంచి 130) వచ్చేదాకా డాక్టరు చెప్పినట్టు మూడు రోజులకోసారి రెండేసి యూనిట్లు పెంచడం. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూసి అప్పుడు మాట్లాడుకుందాం అంటే, విధి మీద పెద్ద చర్చ తప్పుతుంది.

జంతువుల నుంచి తీస్తారన్న అభ్యంతరం కూడా ఉంటుంది, పైకి చెప్పరు. ఒకప్పుడు నిజమే, పందీ ఆవుల క్లోమం నుంచి తీసేవారు. 1982లో బ్యాక్టీరియాతో తయారైన మానవ ఇన్సులిన్‌కు అనుమతి వచ్చింది. ఇప్పుడు మందుల దుకాణంలో దొరికేది దాదాపు అంతా బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో తయారైనదే. క్యాప్సూల్ తొడుగుల్లో వాడే, జంతువుల నుంచి తీసే జెలటిన్ సంగతి వేరు. అభ్యంతరం ఉంటే మాత్ర రూపంలో ఉన్న మందు రాయమని అడగొచ్చు.

‘మహిమ’ అనిపించే మూడు సందర్భాలు

మొక్కు మొక్కాక, ఎవరో ప్రార్థన చేశాక షుగర్ నిజంగానే తగ్గిన కేసులుంటాయి. అబద్ధమని కొట్టిపారేస్తే మీ మాట చెల్లదు. తగ్గడం నిజం, కారణం చూడాలి.

ఒకటి, బరువు తగ్గడం. దీక్షల్లో తిండి తగ్గి నడక పెరిగితే టైప్ 2 నిజంగా వెనక్కి వెళ్లగలదు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనంలో, రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో మొదలుపెట్టినవాళ్లలో ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా ఉన్నారు. వాళ్లు జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ మీద లేనివాళ్లు. పన్నెండేళ్ల జబ్బుకు ఆ ఆశ తక్కువ. దీన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది: మందు ఆపి కనీసం మూడు నెలలు గడిచాక హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉండాలి. వారం రీడింగులు లెక్కలోకి రావు.

రెండు, కిడ్నీలు. ఇది మోసకారి. కిడ్నీ దెబ్బతినేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఏళ్లుగా 220 ఉన్న మనిషికి ఏ మార్పూ లేకుండా 110 వస్తుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కారణం లేకుండా షుగర్ తగ్గితే అదే వారం కిడ్నీ పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, చేయించాలి.

మూడు, పొడులు. మంత్రించిందనీ మూలికలదనీ ఇచ్చే కొన్ని పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు నూరి కలిపిన సంగతి వేర్వేరు దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. అవి అద్భుతంగానే పనిచేస్తాయి, షుగర్ 40కి పడిపోయేదాకా.

ఇంట్లో చిన్న మార్పులు

రోజూ దీపం పెట్టే వేళ ఉన్నవాళ్లకు మందు గుర్తుంచుకోవడానికి అలారం అక్కర్లేదు. ఏడు గళ్ల మాత్రల డబ్బా పూజ చేసే చోటే పెట్టండి, దణ్ణం పెట్టుకున్నాక మాత్ర. ఇన్సులిన్ మాత్రం దీపం దగ్గర పెట్టకండి. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వాడుతున్నది చల్లటి చోట, చాలా రకాలకు 28 రోజులు. వేలు గుచ్చేముందు చేతులు నీళ్లతో కడగాలి. పండ్లు ఒలిచిన వేళ్ల మీద అంటుకున్న తీపి వల్ల 130 ఉన్న షుగర్ 250గా కనిపించగలదు, స్పిరిట్ దూదితో తుడిస్తే అది పూర్తిగా పోదు.

చెప్పులు విప్పి నడిచే పవిత్ర స్థలాల్లో కాళ్ల సంగతి చూసుకోవాలి. పన్నెండేళ్ల షుగర్‌లో అరికాళ్ల స్పర్శ తగ్గి ఉండొచ్చు, ఎండకు కాలిన రాయి మీద బొబ్బలెక్కినా తెలియదు. ముందు డాక్టరు దగ్గర సన్నటి నైలాన్ తీగతో చేసే స్పర్శ పరీక్ష చేయించండి. స్పర్శ తగ్గిందంటే మందపాటి మేజోళ్లు, ఎండ లేని వేళ. నేల వేడి అరికాలితో కాకుండా మీరు మోచేతితో చూడండి. ఇంటికొచ్చాక వేళ్ల సందులతో సహా వెలుతురులో చూడాలి. బొబ్బ ఉంటే చిదమకుండా మర్నాడే చూపించాలి.

చివరగా, మీ అమ్మగారికి వర్తించనిదే అయినా, ఇలాంటి ఇంట్లోనే టైప్ 1 పిల్లలూ ఉంటారు కాబట్టి రాస్తున్నాను. టైప్ 1లో ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలిన బీటా కణాలు కాస్త తేరుకుని చాలామందికి ఇన్సులిన్ అవసరం బాగా పడిపోతుంది. కొన్ని నెలలు అలాగే ఉండొచ్చు. ఆ సమయంలోనే మొక్కు ఫలించిందని సూది ఆపేస్తారు. ఈ దశ అందరికీ ముగుస్తుంది. ఆపాక ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లు పేరుకోవచ్చు: విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, లోతుగా ఆయాసంగా శ్వాస, నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఇవి కనిపిస్తే ప్రార్థన ఆస్పత్రికి వెళ్లే బండిలో చేసుకోవచ్చు.